ఫైలుకి క్యూ ఏంట్రా?

పోయినేడాది మా నాన్న ఆరు నెలలు మా దగ్గరుండి వెళ్ళారు. వచ్చిన వారానికే ఆయనకి ఒహాయోలో నచ్చిన చోటు ఏంటో తేలిపోయింది. మాల్ నచ్చలేదు. నయాగరా చూసి "బాగానే ఉంది" అన్నారు, అంతే. మా ఇంటికి మైలు దూరంలో ఉన్న పబ్లిక్ లైబ్రరీకి మాత్రం రోజూ టిఫిన్ అవ్వగానే బయల్దేరేవారు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. మా ఊళ్ళో శాఖా గ్రంథాలయం తాళం తియ్యకముందే వెళ్ళి అరుగు మీద కూర్చునే రకం.

మంచు మొదలయ్యాక ఆ నడక ఆగిపోయింది. పైగా కళ్ళు. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. అరగంట చదివితే నీళ్ళు కారేవి. సరే అని నేను ఓ ట్యాబ్లెట్ తెచ్చి, అందులో లైబ్రరీ యాప్ పెట్టి, నా కార్డు నంబరు కొట్టి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా ఆయన చేతికిచ్చాను. "నాన్నా, ఇక మంచులో నడవక్కర్లేదు. లైబ్రరీయే ఇంటికొచ్చింది. నువ్వు చదవక్కర్లేదు కూడా, అదే చదివి వినిపిస్తుంది. పైసా ఖర్చు లేదు" అన్నాను.

ఆయన ఎప్పట్నుంచో వినాలనుకుంటున్న ఓ కొత్త చరిత్ర పుస్తకం వెతికించారు. దొరికింది. కానీ కింద ఇలా ఉంది: కాపీలు 3. మీకన్నా ముందున్నవాళ్ళు 17 మంది. సుమారు 12 వారాలు ఆగాలి.

"ఒరేయ్, ఇది కంప్యూటర్లో ఉండే పుస్తకమే కదా?"

"అవును నాన్నా."

"కంప్యూటర్లో ఒకదాన్ని పది చెయ్యాలంటే ఎంతసేపు పడుతుంది?"

"క్షణం కూడా పట్టదు."

"మరి ఫైలుకి క్యూ ఏంట్రా?"

పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. "అదంతే నాన్నా, లైసెన్సింగ్" అని గొణిగాను. సోషల్ మాస్టారి దగ్గర "అదంతే" అనేది జవాబు కిందికి రాదు, చిన్నప్పుడు ఆ మాటకి గోడకుర్చీ వేసిన రోజులు కూడా ఉన్నాయి. అందుకని కూర్చుని చదివాను. చదివేకొద్దీ ఇది కంప్యూటర్ల కథ కాదని, నూటికి పైగా ఏళ్ళ కథ అని తెలిసింది. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నా.

ముందు ఆ "పైసా ఖర్చు లేదు" సంగతి. లైబ్రరీ ఎప్పుడూ ఉచితం కాదు. అందరూ ముందే కట్టేసిన డబ్బు అది. 1833లో న్యూహాంప్‌షైర్‌లో పీటర్‌బరో అనే చిన్న ఊరు పన్నుల డబ్బుతో ఊరందరికీ పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. తర్వాత ఉక్కు వ్యాపారి కార్నెగీ ప్రపంచం మొత్తం మీద 2,509 లైబ్రరీలు కట్టించాడు, అందులో 1,689 అమెరికాలోనే. కానీ ఆయన మహా లెక్కలమనిషి. భవనానికి డబ్బిస్తా, స్థలం మీరు చూసుకోండి, నేనిచ్చిన దాంట్లో పదో వంతు ఏటేటా మీ ఊరి ఖజానా నుంచి ఖర్చు పెట్టండి, అప్పుడే ఇస్తా అన్నాడు. ఇప్పటికీ నా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో లైబ్రరీ లెవీ అని ఒక వరస ఉంటుంది. ఇది చెప్తే నాన్న నవ్వారు. "మనకీ ఉందిగా, ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు, రూపాయికి ఎనిమిది పైసలు" అన్నారు. నిజమే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద వేసే సెస్సు అది. కట్టేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

సరే, డబ్బు మనదే. పుస్తకం కొన్నారు. కొన్న పుస్తకాన్ని వందమందికి అరువివ్వడానికి లైబ్రరీకి హక్కు ఎక్కడిది? ఇక్కడ ఓ బట్టల కొట్టు వస్తుంది కథలోకి.

బాబ్స్-మెరిల్ అని ఒక ప్రచురణ సంస్థ "ద కాస్ట్‌అవే" అనే నవల వేసి, లోపలి పేజీలో ఒక హెచ్చరిక అచ్చేసింది: దీని ధర ఒక డాలరు, ఎవరైనా అంతకన్నా తక్కువకి అమ్మితే కాపీరైట్ ఉల్లంఘించినట్టే అని. న్యూయార్క్‌లో మేసీస్ దుకాణం నడిపే స్ట్రాస్ సోదరులు అదేం పట్టించుకోకుండా 89 సెంట్లకి అమ్మేశారు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 1908లో తీర్పు వచ్చింది. ఒక ప్రతిని ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మీద నీ పెత్తనం అయిపోయింది, కొన్నవాడు దాన్ని ఎంతకైనా అమ్ముకుంటాడు అని దాని సారాంశం. మరుసటి ఏడాదే అది చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడున్న 1976 చట్టంలో అది 109వ సెక్షను. దీన్నే మొదటి అమ్మకం సూత్రం అంటారు. పాత పుస్తకాల కొట్లు, మనం స్నేహితుడికిచ్చి పోగొట్టుకునే పుస్తకాలు, లైబ్రరీలు, అన్నీ ఆ సూత్రం మీదే నిలబడ్డాయి. లైబ్రరీ ప్రచురణకర్తని "అరువివ్వమంటారా?" అని అడగక్కర్లేదు. అందరిలాగే బజార్లో కొంటుంది, అట్ట వేస్తుంది, బీరువాలో పెడుతుంది.

ఈ 11 సెంట్ల తగాదాని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వినే పుస్తకాలేమో మనం అనుకునేదానికన్నా పాతవి. 1931లో అమెరికా ప్రభుత్వం చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందించడానికి ఒక చట్టం చేసింది. ముందు బ్రెయిలీ పుస్తకాలే అనుకున్నారు. కానీ పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళలో చాలామందికి బ్రెయిలీ రాదు. అందుకని 1934 నుంచి గ్రామఫోను రికార్డుల మీద పుస్తకాలు చదివించి పంపడం మొదలుపెట్టారు. ఒక వైపు పావుగంట. ఒక నవల వినాలంటే రికార్డుల దొంతర పోస్టులో రావాలి, పావుగంటకోసారి లేచి తిప్పాలి. అయినా జనం విన్నారు. ఈ ముక్క చెప్పినప్పుడు నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "అంటే నాబోటివాళ్ళ కోసమే మొదలైందన్నమాట" అన్నారు.

ఇక కంప్యూటర్లు. 1971 జులై 4న ఇలినాయ్ యూనివర్సిటీలో మైకేల్ హార్ట్ అనే కుర్రాడు స్వాతంత్ర్య ప్రకటనని ఓ పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌లోకి టైప్ చేశాడు. అదే ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌కి పునాది. ఆయన లాజిక్కు మా నాన్న లాజిక్కే: ఒకసారి ఎక్కిస్తే చాలు, ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, క్యూ ఎందుకు? కాకపోతే అవి కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు. నిన్నగాక మొన్న వచ్చిన పుస్తకం సంగతేంటి?

ఆ సగం కథ మా ఒహాయోలోనే మొదలైంది. క్లీవ్‌లాండ్‌లో స్టీవ్ పొటాష్ అనే లాయరు 1986లో ఓవర్‌డ్రైవ్ అనే కంపెనీ పెట్టాడు. మొదట్లో పుస్తకాలని ఫ్లాపీలు, సీడీల్లోకి మార్చిపెట్టే పని. 2003లో క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీ వీళ్ళతో కలిసి ఈబుక్స్ అరువివ్వడం మొదలుపెట్టింది. తర్వాత ఆడియోబుక్స్ వచ్చాయి. అప్పట్లో వాటికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ తాళం వేసి ఇచ్చేవాళ్ళు, అందుకని ఊరందరి జేబుల్లో ఉన్న ఐపాడ్‌లో అవి పాడేవి కావు! 2011లో కిండిల్ మీదకి లైబ్రరీ పుస్తకాలు వచ్చాయి. 2013లో హూప్లా, 2017లో ఓవర్‌డ్రైవ్ వాళ్ళదే లిబ్బీ వచ్చాయి. అరువు తీసుకోవడం ఒక్క నొక్కు పనైపోయింది.

ఇప్పుడు నాన్న ప్రశ్నకి జవాబు. ప్రచురణకర్తలు పెట్టిన మొదటి షరతు: ఒక కాపీ, ఒక మనిషి. కాగితం పుస్తకం ఒకరి చేతిలో ఉంటే రెండోవాడు ఆగాలి కదా, ఇదీ అంతే ఉండాలి అన్నారు. ఫైలుకి లేని బరువుని కోడ్ రాసి మరీ తెచ్చిపెట్టారు. మన ఇంజనీర్లు క్షణంలో కాపీ అయ్యేదాన్ని కనిపెట్టారు, మళ్ళీ మన ఇంజనీర్లే అది కాపీ అవ్వకుండా ఆపే తాళం కనిపెట్టారు. రెండిటికీ జీతం వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాగితానికి ఉన్న ఇబ్బందులన్నీ ఫైలుకి అంటగట్టారు గానీ, కాగితానికి ఉన్న హక్కు మాత్రం ఇవ్వలేదు. ఎందుకంటే ఈబుక్‌ని "అమ్మరు". లైసెన్సు ఇస్తారు. మొదటి అమ్మకం సూత్రం వర్తించాలంటే అసలు అమ్మకం ఉండాలిగా? 1908లో మొదటి పేజీలో అచ్చేసినా చెల్లని షరతు, ఇప్పుడు "ఐ అగ్రీ" నొక్కించి చెల్లించుకుంటున్నారు. ఆ 11 సెంట్ల కేసు ఓడిపోయినవాళ్ళు వందేళ్ళ తర్వాత ఇంకో దారిలో గెలిచారన్నమాట.

2011 మార్చిలో హార్పర్‌కాలిన్స్ ఒక నిబంధన తెచ్చింది. ఒక ఈబుక్ 26 సార్లు అరువిచ్చాక అది మాయమైపోతుంది, కావాలంటే మళ్ళీ కొనుక్కోవాలి. ఒక్కో అరువు రెండు వారాలనుకుంటే సరిగ్గా ఏడాది. కాగితం పుస్తకం కూడా అరిగిపోతుంది కదా అని వాళ్ళ వాదన. ఓక్లహోమాలో ఓ లైబ్రరీవాళ్ళు అదే సంస్థ వేసిన కాగితం పుస్తకాలు తీసి, 26 కంటే ఎక్కువసార్లు తిరిగినవి ఎంత చక్కగా ఉన్నాయో చూపిస్తూ వీడియో పెట్టారు. మరుసటి ఏడాది పెంగ్విన్ తన ఈబుక్స్‌ని ఓవర్‌డ్రైవ్ నుంచి తీసేసుకుంది. ర్యాండమ్ హౌస్ లైబ్రరీలకిచ్చే ధరలు మూడింతల దాకా పెంచింది. ఆ రెండూ తర్వాత కలిసిపోయాయి. 2018 అక్టోబరు నుంచి ఆ పెంగ్విన్ ర్యాండమ్ హౌస్, 2019 జులై నుంచి హాచెట్, లైసెన్సుని రెండేళ్ళకి కుదించాయి. ఎవరు చదివినా చదవకపోయినా రెండేళ్ళకి తాళం.

2019 నవంబరులో మాక్మిలన్ ఇంకో అడుగు వేసింది. కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఒక లైబ్రరీ వ్యవస్థకి ఒక్కటే కాపీ. వ్యవస్థ అంటే ఊరంత చిన్నదైనా ఒకటే, లక్షల జనాభా ఉన్న కౌంటీ అయినా ఒకటే. ఆ తర్వాత కొనేవి కాపీ 60 డాలర్లు, అదీ రెండేళ్ళకే. మీరూ నేనూ 15 డాలర్లకి కొనుక్కునే ఈబుక్ అది. చాలా లైబ్రరీలు కొనడం మానేశాయి. 2020 మార్చిలో కోవిడ్‌తో లైబ్రరీల తలుపులు మూతపడుతున్న వారంలో మాక్మిలన్ వెనక్కి తగ్గింది.

హూప్లాలో క్యూ ఉండదు కదా అని మీరనొచ్చు. ఉండదు, నిజమే. అక్కడ మనం నొక్కిన ప్రతిసారీ లైబ్రరీకి మీటరు తిరుగుతుంది. అందుకే నెలకి ఇన్నే అని పరిమితి. క్యూ లేకపోతే మీటరు, మీటరు లేకపోతే క్యూ.

చట్టం మార్చొచ్చుగా? మేరీలాండ్ ప్రయత్నించింది. జనానికి అమ్మే ఈబుక్‌ని లైబ్రరీలకి కూడా సమంజసమైన షరతులతో ఇవ్వాల్సిందే అని చట్టం చేసి 2022 జనవరి నుంచి అమల్లో పెట్టింది. కాపీరైట్ ఫెడరల్ ప్రభుత్వ వ్యవహారం, రాష్ట్రాలు వేలు పెట్టకూడదు అని ఆ ఏడాదే కోర్టు కొట్టేసింది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళది ఇంకో దారి. కాగితం పుస్తకం సొంతంగా కొని, స్కాన్ చేసి, కాగితం కాపీని పక్కన పెట్టి దాని బదులు స్కాన్‌ని ఒక్కసారి ఒక్కరికే అరువిచ్చేవాళ్ళు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఆ "ఒక్కరికే" అనే నియమాన్ని కొన్నాళ్ళు ఎత్తేశారు. జూన్‌లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023 మార్చిలో జిల్లా కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు, రెండూ ఆర్కైవ్ తప్పే అన్నాయి. సుమారు ఐదు లక్షల పుస్తకాలు అరువు బీరువాలోంచి తీసేయాల్సి వచ్చింది. లాక్‌డౌన్‌లో తలుపులు బార్లా తెరవడం వాళ్ళు చేసిన తొందరపాటనే నా అభిప్రాయం. కానీ కోర్టులు కొట్టేసింది ఆ తొందరపాటుని మాత్రమే కాదు, మామూలు రోజుల్లో ఒక్కొక్కరికే ఇచ్చే పద్ధతిని కూడా.

ఇంతా చెప్పి ప్రచురణకర్తలందరినీ దొంగలనడం నా ఉద్దేశం కాదు. రాసినవాడికి అన్నం పుట్టాలి. కాగితం పుస్తకానికి లైబ్రరీ దాకా నడవాలి, తిరిగివ్వడానికి మళ్ళీ నడవాలి. ఆ బద్ధకమే సగంమంది చేత కొనిపించేది. మంచం మీద పడుకుని నొక్కితే వచ్చేదానికి ఆ అడ్డం లేదు. వాళ్ళ భయంలో అర్థముంది. పైగా నాకు నీతులు చెప్పే అర్హత కూడా తక్కువ. నా మొదటి ఉద్యోగంలో నేను రాసిన మొదటి కోడ్ ఏంటో తెలుసా? కస్టమరు లైసెన్సు తేదీ దాటిందో లేదో చూసి, దాటితే ప్రోగ్రాం తెరుచుకోకుండా చేసే ఫంక్షను. ఇరవై లైన్లు. చాలా గర్వపడ్డాను అప్పట్లో :)

నా బాధ క్యూ గురించి కాదు. క్యూలో నిలబడటం మనకి అలవాటే. లైబ్రరీ చేసే పనులు రెండు. ఒకటి ఇవ్వడం, రెండోది దాచడం. ఇప్పటి యాప్‌లు మొదటి పనిని అద్భుతంగా చేస్తున్నాయి, చూపు తగ్గిన మా నాన్నకి అవి వరమే. రెండో పని మాత్రం చెయ్యలేవు, దాచడానికి లైబ్రరీ చేతిలో ఏమీ లేదు గనక. బడ్జెట్ తగ్గిన ఏడాది కాగితం పుస్తకాలైతే కొత్తవి రావు, పాతవి బీరువాలో ఉంటాయి. లైసెన్సులైతే పాతవీ పోతాయి. ఏ పుస్తకం ఎన్నాళ్ళుండాలో నిర్ణయించేది మనం పన్ను కట్టి పెట్టుకున్న లైబ్రేరియన్ కాదు.

దాచడం అంటే ఏంటో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. మిలియన్ బుక్ ప్రాజెక్ట్ అని, చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి ముందుండి నడిపించారు. దాని కిందే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది, వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. స్కానింగ్ చూసి తిట్టుకోనివాడు లేడు, వంకర పేజీలు, తప్పు పేర్లు. తర్వాత ఆ పాత సైట్లు మూతపడ్డాయి. అయినా ఆ పుస్తకాలు ఇవాళ మనకి దొరుకుతున్నాయంటే కార్ల్ మలమూద్ లాంటివాళ్ళు వాటిని దించి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టబట్టే. అక్కడ కాపీ తియ్యడానికి ఫైలు ఉంది కాబట్టి మిగిలాయి. లైసెన్సు మాత్రమే ఉండి ఉంటే?

ఇంతకీ నాన్న పుస్తకం. 12 వారాలన్నది 15 అయింది. ఆయన విమానమెక్కిన నాలుగో రోజు నోటీసు వచ్చింది, మీ వంతు సిద్ధంగా ఉంది అని. వదులుకోబుద్ధి కాలేదు. నేనే తీసుకుని ఆఫీసుకి వెళ్తూ వస్తూ కార్లో విన్నాను, ఆదివారం ఫోన్లో ఆయనకి అధ్యాయం అధ్యాయం చెప్పాను. 21 రోజులయ్యేసరికి ఇంకా రెండు అధ్యాయాలు మిగిలాయి, గడువు అయిపోయింది. మళ్ళీ పేరు రాయించుకున్నా. ఈసారి 22వ వాణ్ణి.

ఆ ఆదివారం అదే చెప్పాను. "పోనీలేరా, వచ్చినప్పుడే చెబుదువు" అన్నారు. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయిందట, శాఖా గ్రంథాలయం నుంచి ఏదో పాత పుస్తకం తెచ్చుకుని చదువుతున్నారట. వెనక అట్టకి అంటించిన తేదీల కాగితం మీద మొదటి ముద్ర 1974ది అని చెప్పారు.

"26 సార్లు దాటిందా నాన్నా?" అన్నాను.

లెక్కపెడుతున్నట్టు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నారు, "ఈ కాగితమే మూడోది రా. కింద ఇంకా రెండున్నాయి."